మాతృభాషా గణన: బిలాస్‌పూరు ప్రాంతము

ఒక ప్రాంతమునందలి ప్రజలలో ఏ భాష యెందరికి తల్లిభాషయో జనాభా లెక్కల మూలమున నిర్ణయించుటకు మాతృభాషా గణన యని పేరు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునందలి బిలాస్‌పూరు పట్టణమును దానిని పరివేష్టించిన అటవీ ప్రదేశమును ఈ విషయమున మిక్కిలి పరిశీలనార్హములు. ఏలయన ఆర్య, ద్రావిడ, ముండా కుటుంబముల భాషలు ఇచ్చట చిరకాలము నుండి ఇరుగుపొరుగులై యుండగా, రైలుమార్గముతోపాటు తెలుగు, బంగాళీ, ఒడియా మున్నగు భాషలును వచ్చి వానిలో చేరినవి.

క్షేత్రస్వరూపము: బిలాస్‌పూరు 1861లో జిల్లాగా ఏర్పడెను. 1887లో స్థాపితమైన బంగాళ-నాగపురము రైల్వే కంపెనీ నాగపురము నుండి ఆసన్‌సోలు వరకు నిర్మించిన ప్రధానమార్గము 1891 నాటికి పూర్తియై, కట్నీ వైపునకు ఒక శాఖ చీలుటతో ఈ పట్టణము పెద్ద జంక్షనయ్యెను. అదే కంపెనీ మార్గములు తూర్పుతీరమున వాల్తేరు వరకు వ్యాపించియుండుటచే, శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల తెలుగు కుటుంబములు ఉద్యోగార్థమై వచ్చి రైల్వే కాలనీలలో స్థిరపడినవి. 1955లో ఆగ్నేయ రైల్వేలో భాగమైన ఈ పట్టణము 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధానస్థానమైనది.

పట్టణము దాటిన తోడనే గోండులు, కన్వర్లు, బైగాలు, బింఝ్వార్లు నివసించు పల్లెలు కనబడును. వీరిలో పెక్కుమంది యిండ్లలో నేడు వినవచ్చునది ఛత్తీస్‌గఢీ. ముండా కుటుంబమునకు చెందిన కోర్వా భాషయు, ఉత్తర ద్రావిడమైన కుడుఖ్ భాషయు ఈశాన్యపు కొండలలో నిలిచియున్నవి. గోండీ తెలుగునకు తోబుట్టువు. భద్రిరాజు కృష్ణమూర్తి మొదలగు పండితులు ఈ రెంటిని దక్షిణ-మధ్య ద్రావిడ శాఖయందే చేర్చిరి.

ప్రశ్న యొక్క చరిత్ర: భాషా సంఖ్యలను పోల్చువారు మొదట గమనింపవలసినది, గణకుడు అడిగిన ప్రశ్న అన్ని కాలములందు నొక్కటి కాదనుట. దేశమంతట నొకేసారి జరిగిన తొలి గణన 1881 నాటిది. అందు మాతృభాషను అడిగిరి. 1891లో తల్లిదండ్రుల భాషను, 1901 నుండి 1921 వరకు సాధారణముగా వ్యవహరించు భాషను అడిగి, 1931లో మరల మాతృభాషనే అడుగుచు, దానితోపాటు నిత్యవ్యవహారమున నున్న ఇతర భాషను గూర్చియు ప్రశ్నించిరి. 1941లో యుద్ధకారణమున పట్టికల పని కుంచించుకొనిపోయెను. 1971 నాటి నిర్వచనము ప్రకారము, బాల్యమున తల్లి తన బిడ్డతో మాటలాడిన భాషయే మాతృభాష. శైశవమునందే తల్లి గతించినచో, బాల్యమున ఆ యింట ముఖ్యముగా వాడబడిన భాషను వ్రాసికొనవలెను.

ప్రశ్నలోని ఈ భేదము స్వల్పమని తోచవచ్చును గాని, రైల్వే క్వార్టర్సులోని యొక తెలుగు కుటుంబమును తలచికొన్నచో దాని బలము తెలియును. శ్రీకాకుళము నుండి వచ్చిన తాతకు ఏ ప్రశ్నకైనను తెలుగే సమాధానము. బిలాస్‌పూరులో పుట్టిన కుమారుడు ఇంట తెలుగును, షెడ్డులో హిందీని, సంతలో ఛత్తీస్‌గఢీని మాటలాడును. తల్లియు హిందీలోనే లాలించిన మనుమడు నిర్వచనము ననుసరించి హిందీవాడు, ఇంటిపేరు ననుసరించి తెలుగువాడు. ప్రతి వ్యక్తిని విడిగా అడుగక, ఇంటి పెద్ద చెప్పిన భాషనే గణకుడు అందరి పేరునను వ్రాసికొన్నచో, ఆ యింట జరిగిన మార్పు లెక్కకు అందకపోవును. అడవిపల్లెలోని గోండు కుటుంబమునకును ఇదియే వర్తించును.

లెక్కించు విధానము: 1931 వరకు గణన ఒక్క రాత్రికి సంబంధించినదగుటచే, రైళ్లలోను ప్లాట్‌ఫారములమీదను ఉన్నవారిని లెక్కించుటకు ప్రత్యేకమైన ఏర్పాట్లు చేయవలసివచ్చెడిది. 1901 నుండి చీటీల పద్ధతి అమలులోనికి వచ్చెను. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క చీటీ. చీటీ రంగు మతమును, దానిపై గుర్తు స్త్రీపురుష భేదమును, వివాహస్థితిని తెలుపును. వర్గీకరణము చేయువారు వానిని గూళ్ళలో వేరుపరచి లెక్కించెడివారు. అపరిచితమైన భాషానామము చీటీపై కనబడినపుడు దానిని ఏ గూటిలో వేయవలెనను నిర్ణయముననే అల్పసంఖ్యాకుల భాషల భవితవ్యము ఆధారపడియుండెను.

వర్గీకరణము: 1894 నుండి 1928 వరకు భాషావేత్తయగు గ్రియర్సన్ పర్యవేక్షణమున జరిగిన భారతీయ భాషా పరిశీలనము ఛత్తీస్‌గఢీని తూర్పు హిందీలో చేర్చి, బైగాల భాషయగు బైగానీని ఛత్తీస్‌గఢీకి ఒక రూపముగా గ్రహించెను. 1961 గణన 1,652 మాతృభాషల పేర్లను ప్రకటింపగా, 1971 నుండి పదివేల మందికి లోబడిన భాషలను విడిగా చూపు ఆచారము విడువబడెను. 2011లో ప్రజలు చెప్పిన 19,569 పేర్లను పరిశీలించి 1,369 మాతృభాషలుగను, తుదకు 121 భాషలుగను కూర్చిరి. ఈ కూర్పులో 1 కోటి 62 లక్షల మంది చెప్పిన ఛత్తీస్‌గఢీ, హిందీ యను 52 కోట్ల 83 లక్షల మొత్తమున అంతర్భూతమైనది. 2007లో రాష్ట్రము దానికి రాజభాషాస్థానము నొసగినను, జాతీయ పట్టికలో దాని స్థానము మారలేదు.

జాతిసంఖ్య, భాషాసంఖ్య: 2011లో దేశమున గోండు తెగవారు 1 కోటి 32 లక్షలకు పైబడియుండగా, గోండీని మాతృభాషగా చెప్పినవారు 30 లక్షలకు లోపలనే యుండిరి. జాతినిబట్టి భాషను ఊహించుట యెంత ప్రమాదకరమో దీనివలన స్పష్టము. బిలాస్‌పూరు విషయమున మరియొక చిక్కు గలదు: 1998లో కోర్బా, జాంజ్‌గీర్-చాంపా జిల్లాలును, 2012లో ముంగేలీయు, 2020లో గౌరేలా-పేండ్రా-మర్వాహీయు దీనినుండి విడివడినవి. కావున పాత బిలాస్‌పూరు జిల్లా సంఖ్యను నేటి సంఖ్యతో నేరుగా పోల్చి భాష క్షీణించెననుటగాని వృద్ధిచెందెననుటగాని యుక్తము కాదు. ఆ జిల్లాల సంఖ్యలన్నిటిని మరల కలిపి చూడవలెను.

ప్రయోజనము: 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషావర్గముల బాలురకు ప్రాథమిక విద్యను మాతృభాషలో గరపు సౌకర్యములు కల్పించుటకు ప్రయత్నింపవలెనని ఆదేశించుచున్నది. ఆ బాలురు ఏ యూర నెందరున్నారో తెలియనిదే ఉపాధ్యాయుని నియమించుటయు, వాచకమును అచ్చొత్తించుటయు సాధ్యములు కావు. అయినను సంఖ్య యొక్కటియే గుర్తింపును తేజాలదు: 2011లో 24,821 మంది మాతృభాషగా చెప్పిన సంస్కృతము రాజ్యాంగపు ఎనిమిదవ అనుసూచికలో నుండగా, 30 లక్షలకు చేరువైన గోండీయు, 20 లక్షలకు చేరువైన కుడుఖ్‌యు అందు చేరలేదు. సంస్కృతమునకు ఆ గౌరవము తగినదే. తక్కిన రెంటికిని న్యాయము జరుగవలసియున్నది.

2021లో జరుగవలసిన గణన వాయిదాపడి, 2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగా గైకొని జరుగనున్నది. అందు గణకుడు జాతినిబట్టి భాషను ఊహింపక, ప్రతి వ్యక్తి భాషను విడివిడిగా అడిగి, చెప్పిన పేరును చెప్పినట్లే వ్రాసికొనుటయు, వర్గీకరణము జరిగిన పిదపకూడ ఆ మూలనామములను వాని సంఖ్యలతో ప్రకటించుటయు, పదివేలకు లోబడిన భాషలను మరల వెలుగులోనికి తెచ్చుటయు అవశ్యకర్తవ్యములు. పల్లె బడిలో ఏ భాషలో పాఠము చెప్పవలెనో నిర్ణయించు అధికారికి ఇంతకన్న నమ్మదగిన ఆధారము వేరొకటి లేదు.