లెక్క అడిగిన సంఘకాపరులు: అమెరికా ఉద్యోగాలలో జాతి ప్రాతిపదికపై వాదానికి ఒక చారిత్రక పరిశీలన

ఉద్యోగ నియామకాలలో జాతిని లెక్కలోనికి తీసుకొనవచ్చునా అన్న వాదాన్ని అమెరికా చరిత్రకారులు సాధారణంగా అధ్యక్షుల ఉత్తర్వులతోను, న్యాయస్థానాల తీర్పులతోను ఆరంభిస్తారు. 2025 జనవరి 21న అధ్యక్షుడు ట్రంప్ 11246వ కార్యనిర్వాహక ఉత్తర్వును రద్దు చేయడంతో, ప్రభుత్వ కాంట్రాక్టర్లపై దాదాపు 60 సంవత్సరాలుగా ఉన్న ఒక బాధ్యత తొలగిపోయింది. అయితే సంఘ చరిత్రను అభ్యసించేవారు ఈ కథను మరొక చోట, అనగా 1960లో ఫిలడెల్ఫియా నగరపు ప్రసంగ వేదికల వద్ద ఆరంభించవలసి ఉంటుంది. "వివక్ష చూపము అనే వాగ్దానం చాలునా, లేక ఫలితాన్ని లెక్కపెట్టి చూడాలా?" అన్న ప్రశ్నను ఫెడరల్ ప్రభుత్వం కంటే ముందే అక్కడి కాపరులు ఆచరణలో పెట్టారు. ఆ ప్రశ్న తిరిగి సంఘం వైపుకే ఎలా మళ్లిందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పూర్వరంగం

1941లో రైల్వే స్లీపింగ్ కార్ పోర్టర్ల సంఘ నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ వాషింగ్టన్‌పై మహాప్రదర్శన జరుపుతామని హెచ్చరించాడు. దాని ఫలితంగా అధ్యక్షుడు రూజ్వెల్ట్ జూన్ 25న 8802వ ఉత్తర్వుపై సంతకం చేసి, రక్షణ పరిశ్రమలలో జాతి వివక్షను నిషేధించాడు. 1961 మార్చిలో అధ్యక్షుడు కెన్నెడీ ఇంకొక అడుగు వేశాడు. కాంట్రాక్టర్లు వివక్ష చూపకపోవడమే గాక, దానిని నివారించుటకు "అఫర్మేటివ్ యాక్షన్", అనగా క్రియాపూర్వకమైన చర్య తీసుకొనాలని ఆయన ఉత్తర్వు ఆదేశించింది. ఆ చర్య ఎంతవరకు, ఎన్ని ఉద్యోగాల వరకు అన్నది మాత్రం అందులో లేదు. తరువాతి వివాదానికి బీజం ఈ అస్పష్టతలోనే ఉన్నది.

ఫిలడెల్ఫియా కాపరులు

లియాన్ సలివన్ 1950 నుండి ఫిలడెల్ఫియాలోని జయన్ బాప్టిస్టు సంఘ కాపరి. ఆయనతో కలిసి సుమారు 400 మంది నల్లజాతి కాపరులు 1960లో ఒక ఉద్యమం చేపట్టారు. మొదటగా వారు ఎంచుకొన్నది టేస్టీ బేకింగ్ కంపెనీని. దాని కేకులు నల్లవారి ఇండ్లలో విరివిగా అమ్ముడుపోయేవి. ఆ కంపెనీలో నల్లజాతి పనివారు లేకపోలేదు. కాని సరుకు వేసుకొని వెళ్లి అమ్మే ట్రక్కు డ్రైవర్లలోను, కార్యాలయ గుమాస్తాలలోను, ఐసింగ్ విభాగపు స్త్రీలలోను వారికి స్థానం లేదు. కాపరుల బృందం యాజమాన్యాన్ని కలిసి స్పష్టమైన సంఖ్యలు ముందుంచింది: ఇద్దరు డ్రైవర్లు, ఇద్దరు గుమాస్తాలు, ఐసింగ్ విభాగంలో ముగ్గురు నలుగురు స్త్రీలు. కంపెనీ అంగీకరించకపోయేసరికి, ఆ సరుకు కొనవద్దని ఆదివారపు ఆరాధనలలో ప్రకటించారు. సుమారు రెండు నెలలకు కంపెనీ దిగివచ్చింది.

ఈ ఉద్యమానికి కార్యాలయం లేదు, శాశ్వత నాయకుడు లేడు. ఒక్కొక్క కంపెనీతో మాట్లాడుటకు ఒక్కొక్క కాపరి ముందు నిలిచేవాడు. అలా ఒకదాని తరువాత ఒకటిగా పలు కంపెనీలు దారికి వచ్చాయి. 1962లో మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వంలోని సంస్థ అట్లాంటాలో ఆరంభించిన "ఆపరేషన్ బ్రెడ్‌బాస్కెట్"కు ఇదే మాదిరి.

తలుపులు తెరిపించడంతో పని ముగియలేదు. నైపుణ్యం నేర్వనివ్వక ఉంచిన జనులకు ఉద్యోగం చూపడం ఒక్కటే చాలదని గ్రహించిన సలివన్, 1964లో ఒక పాడుబడిన పోలీసు స్టేషన్ భవనంలో శిక్షణా కేంద్రాన్ని ప్రారంభించాడు. నియామకాన్ని, అర్హతను ఆయన పరస్పర విరుద్ధాలుగా ఎంచలేదు.

ప్రభుత్వమే లెక్క అడిగినప్పుడు

1964 పౌరహక్కుల చట్టంలోని ఏడవ భాగం ఉద్యోగాలలో జాతి వివక్షను నిషేధించింది. అయితే పనివారిలో జాతుల నిష్పత్తి సమానంగా లేదన్న కారణం చేత ఎవరికీ ప్రాధాన్యత ఇవ్వనక్కరలేదని అదే చట్టం స్పష్టం చేసింది. మరుసటి సంవత్సరం అధ్యక్షుడు జాన్సన్ 11246వ ఉత్తర్వు వెలువడింది. 1969లో నిక్సన్ ప్రభుత్వం, కార్మిక శాఖ సహాయ కార్యదర్శి ఆర్థర్ ఫ్లెచర్ చొరవతో, "ఫిలడెల్ఫియా ప్రణాళిక"ను అమలులో పెట్టింది. అదే నగరంలో ఇనుప పని, ప్లంబింగ్, విద్యుత్తు వంటి నిర్మాణ వృత్తులలో అల్పసంఖ్యాకులు రెండు శాతమైనా లేరు. ఇనుప పనిలో వారి సంఖ్య 1970లో 5 నుండి 9 శాతం, 1973 నాటికి 22 నుండి 26 శాతం కావాలని లక్ష్యం విధించారు.

కాపరులు అడిగినదీ సంఖ్యయే, ప్రభుత్వం అడిగినదీ సంఖ్యయే. కాని కాపరుల వెనుక ఉన్నది కొనుగోలుదారుల స్వేచ్ఛ. ప్రభుత్వం వెనుక ఉన్నది చట్టబలం. వాదం తీవ్రమైనది ఈ మార్పుతోనే.

లూసియానాలోని గ్రామెర్సీలో కైజర్ అల్యూమినియం కర్మాగారంలో నిపుణ కార్మికులు 273 మందిలో నల్లవారు 5గురే. స్థానిక శ్రామికులలో మాత్రం వారు సుమారు 39 శాతం. కంపెనీ, యూనియన్ కలిసి శిక్షణ స్థానాలలో సగం నల్లవారికి కేటాయించాయి. అవకాశం దొరకని తెల్లజాతి కార్మికుడు బ్రయన్ వెబర్ దావా వేశాడు. స్వచ్ఛందమైన ఇటువంటి తాత్కాలిక ఏర్పాటును చట్టం నిషేధించదని 1979లో సుప్రీంకోర్టు 5–2 ఆధిక్యతతో తీర్పు చెప్పింది.

వెబర్ పక్షపు ప్రశ్నను తేలికగా త్రోసివేయకూడదు. ఎవరినీ గెంటివేయని వ్యక్తి పూర్వుల అన్యాయానికి మూల్యం ఎందుకు చెల్లించాలి? నల్లజాతి ఆర్థికవేత్త థామస్ సోవెల్ ఈ విధానాల ఫలితాలనే శంకించాడు. సామాజికవేత్త విలియం జూలియస్ విల్సన్ 1978లో, పేద నల్లవారి స్థితికి జాతి కంటే వర్గమే ముఖ్య కారణమగుచున్నదని వాదించాడు. 2009లో న్యూ హేవెన్ అగ్నిమాపక సిబ్బంది కేసులో, జాతుల వారీగా ఫలితాలను చూసి పదోన్నతి పరీక్షను పక్కన పెట్టడం చెల్లదని కోర్టు 5–4తో నిర్ణయించింది. జాన్సన్ ఉత్తర్వు రద్దయినప్పటికీ 1964 చట్టం నిలిచే ఉన్నది. అనగా వాగ్దానం మిగిలింది; కాంట్రాక్టర్లను లెక్క అడిగే ఏర్పాటు పోయింది.

సంఘం తన ఇంటిలో

1969 మే 4న జేమ్స్ ఫోర్మన్ న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ చర్చి ఆరాధన మధ్యలో లేచి, తెల్లజాతి సంఘాలు, యూదుల సమాజ మందిరాలు 50 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని కోరాడు. పరులను అడిగిన లెక్కను ఇప్పుడు సంఘాలే చెప్పవలసి వచ్చింది. చట్టపరంగా చూస్తే, బోధకుల నియామకంలో వివక్ష నిషేధ చట్టాలు సంఘానికి వర్తించవని 2012లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ధ్రువపరచింది. ఈ స్వాతంత్ర్యం అమూల్యమైనదే. కాని బయట ఎవరూ అడగని చోట సంఘం తనను తానే ప్రశ్నించుకొనాలి.

అపొస్తలుల కార్యములు 6:1-6లో ఆ మాదిరి కనబడుతుంది. అనుదిన పరిచర్యలో గ్రీకుభాష మాట్లాడు విధవరాండ్రు చిన్నచూపునకు గురైనప్పుడు అపొస్తలులు ఫిర్యాదును కొట్టివేయలేదు. మంచి పేరును, ఆత్మను, జ్ఞానమును అర్హతలుగా పెట్టి ఏడుగురిని ఏర్పరచుకొనమన్నారు. ఎన్నికైన ఏడుగురివీ గ్రీకు పేర్లే. పేర్లను బట్టి మాత్రమే వారి నేపథ్యాన్ని నిర్ధారించలేము గాని, చిన్నచూపునకు గురైనవారికి పరిచర్యలో బాధ్యత దక్కిందని అనేకులు భావిస్తారు. అర్హత విడువబడలేదు, ఫిర్యాదూ మరువబడలేదు.

జాతి, కులం ఒకటి కావు. అయినా తెలుగు సంఘానికి ఈ చరిత్ర పరాయిది కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వారు బి.సి.–సి వర్గంలో ఒక్క శాతానికి పరిమితులు. ప్రభుత్వం ఎదుట ఈ లెక్క అడిగే హక్కు మనకున్నది. మన పాఠశాలల, ఆసుపత్రుల, వేదాంత కళాశాలల నియామక పుస్తకాలను, వాటిలో ఏ పదవిలో ఎవరున్నారో, స్త్రీలు ఎందరో, అదే శ్రద్ధతో తెరచి చూడవలసిన బాధ్యత కూడా మనదే.