కడప జిల్లాలో ముఠా హత్యలు, నేర పరిశోధన

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలు 20వ శతాబ్దపు ఉత్తరార్ధంలో ముఠా కక్షలకు, ప్రతీకార హత్యలకు పేరుపడ్డాయి. ఈ కక్షలను స్థానికంగా ఫ్యాక్షన్ అంటారు. హత్యలు ఏళ్ళ తరబడి కొనసాగడానికి పగలతో పాటు నేర పరిశోధన బలహీనత కూడా ముఖ్యకారణం.

చరిత్ర

1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాల ప్రధాన కలెక్టరు థామస్ మన్రో (1800–1807) పాళెగాళ్ళను అణచివేశాడు. నేటి ముఠాలకు పాళెగాళ్ళ వ్యవస్థే మూలమని కొందరు భావిస్తారు. గ్రామ ఆధిపత్యం, ఎన్నికలు, సారా మరియు నిర్మాణపు కాంట్రాక్టులు తరువాతి కాలంలో ఈ పోరును పెంచాయి. వేటకొడవళ్ళు, నాటుబాంబులు ప్రధాన ఆయుధాలు.

జమ్మలమడుగుకు చెందిన మాజీ మంత్రి పొన్నపురెడ్డి శివారెడ్డి 1993లో హైదరాబాదులో బాంబుదాడిలో మరణించాడు. మాజీ ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి తండ్రి రాజారెడ్డి 1998 మే 23న పులివెందుల సమీపంలో హత్యకు గురయ్యాడు.

దర్యాప్తులో సమస్యలు

ముఠా హత్య జరిగినపుడు బాధిత వర్గం అసలు నిందితులతో పాటు ప్రత్యర్థి వర్గంలోని ఇతరుల పేర్లనూ ఫిర్యాదులో చేర్చడం పరిపాటి. సాక్షులు ఒత్తిడి వలన గానీ, రాజీ వలన గానీ కోర్టులో మాట మారుస్తారు. భౌతిక సాక్ష్యాధారాలు లేనపుడు అటువంటి కేసు నిలవదు. శిక్ష పడదని తేలినపుడు బాధితవర్గం ప్రతీకారానికి పూనుకుంటుంది.

భారతదేశంలో పోలీసు బడ్జెట్లలో అధికభాగం జీతాలకే పోతుంది. దర్యాప్తు అధికారే బందోబస్తు విధులు కూడా నిర్వహించవలసి ఉంటుంది. పికెట్లు, బైండోవర్లు, రౌడీషీట్లు తాత్కాలికంగా శాంతిని నెలకొల్పగలవు. కాని జరిగిన హత్యను నిరూపించడానికి అవి చాలవు. 1990లలో జిల్లా ఎస్పీగా పనిచేసిన చదలవాడ ఉమేశ్‌చంద్ర ముఠాల అణచివేతతో పేరుపొందాడు.

అమెరికాలో 1960లలో సుమారు 90 శాతం హత్యకేసులు ఛేదింపబడగా, 2020ల ఆరంభంలో అది సగానికి పడిపోయింది. హంతకులు పట్టుబడని చోట ప్రజలు సొంత ప్రతీకారానికి దిగుతారని జిల్ లియోవీ లాస్ ఏంజిలస్ నగరంపై 2015లో వెలువరించిన "గెట్టోసైడ్" గ్రంథంలో వాదించింది.

వివేకానందరెడ్డి హత్యకేసు

మాజీ మంత్రి వై.ఎస్.వివేకానందరెడ్డి 2019 మార్చి 15న పులివెందులలోని తన ఇంటిలో హతుడై కనిపించాడు. మొదట గుండెపోటుగా ప్రచారం జరిగింది. ఘటనాస్థలంలో ఆధారాలు చెరిపివేయబడ్డాయని సిబిఐ ఆరోపించింది. ప్రత్యేక దర్యాప్తు బృందాల తరువాత, 2020 మార్చిలో హైకోర్టు కేసును సిబిఐకి అప్పగించింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు విచారణను హైదరాబాదుకు బదిలీ చేసింది.

సంస్కరణలు

ప్రకాశ్ సింగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు దర్యాప్తు విభాగాన్ని శాంతిభద్రతల విభాగం నుండి వేరుచేయాలని ఆదేశించింది. 2018లో సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఏడేళ్ళు లేదా అంతకు మించి శిక్షపడే నేరాలలో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలాన్ని సందర్శించాలని నిర్దేశించింది. దీని అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ళ గడువు ఉంది. తగినన్ని ప్రయోగశాలలు, సిబ్బంది, నిధులు సమకూరితేనే ఈ నిబంధనలు ఫలితమిస్తాయి.