డాక్టరుగారి జీతము, డాక్టరుగారి యిల్లు

మన సంఘచరిత్రలు వ్రాసేవారు గుడి కట్టించిన దొరలను, బాప్తిస్మమిచ్చిన పెద్దలను పేరుపేరున తలచుకొంటారు. వైద్యము చేసినవారిని గూర్చి కూడ నాలుగు మాటలు వ్రాస్తారు. అయితే వారు ఏ యింట్లో ఉన్నారు, జీతమెవరిచ్చారు, పిల్లలెక్కడ చదివారు అన్న సంగతి ఎవరికీ పట్టదు. త్రిపురారంవంటి ఊరిలో డాక్టరు కాపురముండడేమని మనమంతా అడుగుతూనే ఉన్నాము గనుక, ఆ పాత లెక్క ఒకసారి విప్పి చూడదలచాము.

నల్లగొండలో 1890లో మిషను స్థాపించిన ఫ్రీసెన్ దొరగారు అమెరికను బాప్తిస్టు మిషను క్రింద పనిచేసినా, దేశమునుబట్టి రష్యావారు. దక్షిణ రష్యాలో గోధుమ పండించుకొనే మెన్నోనైట్ రైతుల కానుకలే ఆయన పనికి ఆధారము. 1914లో యుద్ధము, 1917లో విప్లవము వచ్చేసరికి ఆ దారి మూసుకొనిపోయింది. ఎక్కడో రైతు గాదె ఖాళీ అయితే ఇక్కడ మిషను పెట్టె ఖాళీ అయ్యేది. డాక్టర్ల జీతమూ ఇట్టి కానుకలలోనిదే. రోగి ఇచ్చిన ఫీజు ఆసుపత్రికి చేరేది. డాక్టరుకు బోర్డు నిర్ణయించిన భత్యమే. ఎంతమందిని చూచినా అది పెరగదు, తగ్గదు.

గుంటూరు కుగ్లరమ్మగారి సంగతి చూడండి. 1883లో ఆమె వచ్చునాటికే వైద్యపట్టా పొంది నాలుగేండ్లయింది. కాని లూథరను బోర్డువారు ఆమెను పంపినది స్త్రీలలో బోధించే పనికి. వైద్యురాలుగా నియమించడానికి మరి రెండేండ్లు పట్టింది. అంతవరకు ఆసుపత్రి ఎక్కడిది? రోగులు ఆమె ఉన్న యింటికే వచ్చేవారు, లేదా ఆమే వారి యిండ్లకు వెళ్లేది. ఆసుపత్రి తెరచినది 1898లో. ఆమె 1930లో మరణించేవరకు గుంటూరే ఆమె యిల్లు. వెల్లూరులో ఐడా స్కడ్డరుగారు కూడ 1900లో తండ్రిగారి బంగళాలోని ఒక గదిలోనే వైద్యము ఆరంభించారు. నిజామాబాదు ప్రాంతమున ఇసబెల్ కెర్ దొరసానిగారి కుష్ఠు ఆసుపత్రి 1915లో డిచ్‌పల్లిలో లేచినది నర్సాగౌడుగారి దాతృత్వమువల్ల. ఆయన మన సంఘస్థుడు కాడని జ్ఞాపకముంచుకోవాలి.

ఇట్లని ఆ కాలమంతా త్యాగమేనని మేము అనము. బంగళాకు ఎత్తయిన కప్పు, చుట్టూ వరండా, వంటవాడు, పంకా. వేసవిలో కొడైకెనాల్ ప్రయాణము. అదే కాంపౌండులో కాంపౌండరుకు, నర్సమ్మలకు లైనుయిండ్లు, ఒక గది, ముందు వసారా. మరోవైపు, పిల్లలను నెలల తరబడి కొండమీది బడిలో విడిచి, ఉత్తరాలకోసం ఎదురుచూచిన తల్లులూ వారే. బంగళాలో సుఖముండేది, సంసారము తరచు సగమే ఉండేది.

దొరలు వెళ్లిపోయాక ఆ బంగళాలు మన చేతికి వచ్చాయి, బోర్డు భత్యము మాత్రం రాలేదు. సంఘము సిఫారసుతో వెల్లూరులో చదివిన పిల్లలు రెండేండ్లు మిషను ఆసుపత్రిలో సేవచేయాలని నియమము. మనవాళ్లు చేశారు, మనస్ఫూర్తిగా చేశారు. మూడవ ఏట పెండ్లి, ఆపైన పిల్లల చదువు, ముసలి తల్లిదండ్రులు. ఇంటిపెద్ద అయిన డాక్టరు పట్నము దారి పడితే, డబ్బుకు ఆశపడ్డాడని అనడం సులువు. ఆ మాట అన్నవారిలో తమ కుమార్తెకు డాక్టరు సంబంధమే కావాలన్నవారిని మేము ఎరుగుదుము.

ఇక మన తావు సంగతి. 1967లో సాగరు ఎడమ కాలువకు నీరు వచ్చింది. జొన్నచేలు వరిమళ్లయ్యాయి, మిర్యాలగూడలో రైసుమిల్లులు లేచాయి. డబ్బు ఆడిన చోటికే నర్సింగుహోములు వచ్చాయి. క్రింద దవాఖాన, పైన కాపురము. ఆ యిల్లు అప్పుతో కట్టినది, స్కానింగు మిషనూ అప్పే. ఆ వాయిదాలలో కొంత మన చీటీమీద పడుతుంది. రాత్రి రెండింటికి తలుపు కొడితే మేడమీదనుండి దిగివచ్చేవాడూ ఆయనే. కుగ్లరమ్మగారికి లేని బెంగ ఈయనకున్నది, నెల తిరిగేసరికి బ్యాంకువారు అడుగుతారు.

త్రిపురారం 1985లో మండలకేంద్రమయింది. 2005లో 108 బండ్లు వచ్చాయి. 2019లో నల్లగొండలోను సూర్యాపేటలోను సర్కారు మెడికల్ కాలేజీలు తెరచారు. మన పిల్లలు దూరము పోకుండా డాక్టర్లు కావచ్చు. అయితే చదువు దగ్గరయినంతమాత్రాన కాపురము దగ్గర కాదు. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లయితే ఇద్దరికీ పని ఉన్న ఊరే చూచుకొంటారు. పిల్లలకు మంచి బడి చూస్తారు. పాస్టరేటు గురువుగారికి యిల్లు చూపిస్తుంది, సున్నము వేయిస్తుంది, కప్పు కారితే కమిటీ కూర్చుంటుంది. పల్లెకు వచ్చిన కుర్ర డాక్టరమ్మకు అద్దెగది ఎక్కడ దొరికిందో, నీళ్లు వస్తున్నాయో లేదో అడిగిన కమిటీని మేము ఇంతవరకు చూడలేదు.