కలప లేని మహలు

చంద్రగిరి రాజమహలును చూడవచ్చినవారు సాధారణముగా దాని నెవరు కట్టించిరని యడుగుదురు. మేము మా విద్యార్థులను గొనిపోయినపుడు, ఇందులో కలప యెక్కడ నున్నదో చూపుడని యడుగుదుము. పిల్లలు మూడంతస్తులును వెదకి యుత్తచేతులతో వత్తురు. రాయి, ఇటుక, సున్నము. ఈ మూటితోడనే యా మందిరము నిలిచినది. దూలములుండవలసిన చోట కమానులే బరువు మోయుచున్నవి.

1592 ప్రాంతమున రెండవ వేంకటపతిరాయలు పెనుగొండనుండి రాజధానిని చంద్రగిరికి మార్చెను. 1646లో కోట గోలకొండవారి వశమయ్యెను. 1782లో హైదరాలీ దానిని గైకొనెను. ప్రభువులు మారిరి గాని మహలు మారలేదు. నేడది కేంద్ర పురావస్తుశాఖవారి సంరక్షణలో ప్రదర్శనశాలయై యున్నది.

రాయి నిలుచును, కొయ్య నశించును, ఇందు వింతయేమని కొందరనవచ్చును. హంపీ చూచినవారి కీ మాట నిజమనియే తోచును. అచ్చటి కొలువుకూటమున నూరు కొయ్యస్తంభములు నాటిన గుంటలు గల రాతి యరుగు మాత్రమే మిగిలినది. స్తంభములును, పైకప్పును లేవు.

కాని ఫ్రాన్సుదేశమున స్ట్రాస్‌బర్గు నగరములో కామర్‌జెల్ గృహమను నొక వర్తకుని యిల్లు కలదు. 1427లో మొదట నిర్మింపబడి, 1589లో నేటి రూపమును దాల్చినది. క్రిందియంతస్తు రాయి, పైయంతస్తులు చెక్కడపు కొయ్య. హంపీ కొలువుకూటము పోయినను ఇది నిలిచియున్నది. నేడందు భోజనశాల నడచుచున్నది. కావున లోపము కొయ్యది కాదు. ఇంటిని వాడుకొనుచు, చెడిన భాగమును వెంటనే బాగుచేయువా రుండిన కొయ్యయిల్లును శతాబ్దములు నిలుచును.

మన సీమలోని పాత మిద్దెలు నిట్టివే. దూలములపై దంతెలు పరచి, మీద చౌడుమన్ను కప్పుదురు. వానకారుకు ముందు కొత్తమన్ను వేసినంతకాలము అవి చెక్కుచెదరవు. ఒక్కయేడు మానినచో నీరు దిగును, దంతె పుచ్చును, పిదప దూలము విరుగును. అంతట పాతకొయ్య కొనువాడు వాకిట నిలుచును.

ఈ దోషమునకు మేమును దూరము కాము. మా పెద్దల మిద్దెను పడగొట్టించి, పువ్వులు చెక్కిన ద్వారబంధమును వెలకమ్మితిమి. ఆ సొమ్మేమయ్యెనో జ్ఞాపకము లేదు. గడప మాత్రము జ్ఞాపకమున్నది. రాజమహలు గొప్పతనమును పిల్లలకు బోధించు మేము మా యింటిని రక్షింపమైతిమి.

రాజుల మందిరములను ప్రభుత్వము కాపాడుచున్నది. వర్తకుని యిల్లు, రైతు మిద్దె, సాలెవాని మగ్గపుగది మన చేతిలోనివి. అన్నింటిని నిలుపుట సాధ్యము కాదు. కాని నిలిచియున్న యింటికి ఒక దూలము మార్పింపవచ్చును. కూల్చకతప్పని యింటిని ముందుగా కొలిచి, పటము గీసి, దాని భాగముల పేర్లను ముసలి వడ్రంగి నడిగి వ్రాసికొనవచ్చును. ఈ పని ప్రతి పాఠశాలకును సాధ్యమే. ఈ వేసవిలో మా విద్యార్థులతో దీని నారంభింప నిశ్చయించితిమి.