ఉహుద్‌కు ముందు జరిగిన సంప్రదింపు

ఉహుద్ అనగానే మనకు కొండమీది విలుకాండ్రు, హజ్రత్ హమ్జా (రజి) వీరమరణం గుర్తుకు వస్తాయి. యుద్ధానికి ముందురోజు మదీనాలో జరిగిన వాదప్రతివాదాలను మాత్రం అంతగా పట్టించుకోము. ఒక కొత్త సమాజం యుద్ధ విషయంలో ఎలా నిర్ణయం తీసుకోవాలో తెలిపే ఘట్టం నిజానికి అదే.

అది హిజ్రీ 3వ సంవత్సరం, షవ్వాల్ మాసం (క్రీ.శ. 625). ముస్లిములు మదీనా చేరి నిండా మూడేళ్ళయినా కాలేదు. బద్ర్ పరాభవానికి పగ తీర్చుకోవాలని ఖురైషులు 3,000 సైన్యంతో, 200 గుర్రాలతో వచ్చి ఉహుద్ కొండ సమీపాన విడిది చేశారు. శుక్రవారం నాడు దైవప్రవక్త (స) సహచరులను సమావేశపరచి వారి అభిప్రాయం అడిగారు.

పట్టణంలోనే ఉండి పోరాడటం మేలని ఆయన ఉద్దేశం. పెద్దలు పలువురు దానినే బలపరిచారు. ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకొని కోటగోడలా ఉన్నాయి. శత్రువు లోనికి వస్తే పురుషులు వీధులలో ఎదుర్కొంటారు, స్త్రీలూ పిల్లలూ మిద్దెలమీది నుండి రాళ్ళు రువ్వుతారు. అబ్దుల్లా బిన్ ఉబై కూడా ఇదే మాట అన్నాడు.

బద్ర్‌లో పాల్గొనే భాగ్యం దక్కని యువకులు ఇందుకు ఒప్పుకోలేదు. శత్రువుల ఒంటెలు, గుర్రాలు మన పైరును మేస్తుంటే ఇంట్లో కూర్చోవడమా? అరబ్బులు మనల్ని పిరికివారనుకోరా? హజ్రత్ హమ్జా (రజి) సైతం వారి పక్షమే వహించారు. బయటకు వెళ్ళాలన్న వాదమే నెగ్గింది.

దైవప్రవక్త (స) లోపలికి వెళ్ళి కవచం ధరించి వచ్చారు. ఆయనను బలవంతపెట్టామేమోనని యువకులు అప్పటికే పశ్చాత్తాపపడుతున్నారు. తమ ఇష్ట ప్రకారమే చేయండని వేడుకున్నారు. కవచం తొడిగిన ప్రవక్త పోరాడకుండా దానిని విప్పడం తగదని ఆయన బదులిచ్చారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఒకే అభిప్రాయం గల ఇద్దరి మాట ఆనాడు చెల్లలేదు. ఒకరు తన మాట వినలేదన్న సాకుతో 300 మందిని వెంటబెట్టుకొని దారిలోనే వెనుదిరిగాడు. మరొకరు మిగిలిన 700 మందికి ముందు నడిచి, యుద్ధరంగంలో గాయపడ్డారు. సలహా ఇవ్వడం సులభం. సలహా చెల్లనప్పుడు మనిషి ఏమి చేస్తాడన్నదే అతని నిజాయితీకి గీటురాయి.

యుద్ధంలో 70 మంది ముస్లిములు అమరులయ్యారు. ఇక సంప్రదింపులెందుకు, యువకుల మాట వినబట్టే కదా ఈ నష్టమని ఎవరికైనా తోచవచ్చు. కాని దివ్యఖురాన్ ఆలి ఇమ్రాన్ సూరా నష్టానికి కారణంగా చూపింది విలుకాండ్ర అవిధేయతను, వారిలోని విభేదాలను. బయటకు వెళ్ళాలన్న నిర్ణయాన్ని కాదు. అదే సూరా 159వ ఆయతులో వారిని క్షమించమని, వ్యవహారాలలో వారితో సంప్రదించమని ఆదేశం వచ్చింది. అరబీ మూలంలో ఆ క్రియ ఆజ్ఞార్థకం. దానిని వట్టి అనుమతిగా అనువదిస్తే అర్థం పలుచబడిపోతుంది.

రెండేళ్ళ తర్వాత, హిజ్రీ 5లో, సుమారు 10,000 సైన్యం మదీనామీదికి వచ్చింది. మళ్ళీ సంప్రదింపు జరిగింది. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సూచనపై కందకం తవ్వి, పట్టణాన్ని ఆనుకొనే రక్షించుకున్నారు. ఉహుద్ నాడు వీగిపోయిన ఆలోచన అలా ఫలించింది. ఓటమి తర్వాత కూడా సంప్రదింపుల తలుపు మూయని సమాజానికే ఆ అవకాశం దక్కుతుంది.