కళేబరం అన్న ఒక్క మాట

సుమారు ముప్పై ఏళ్ళ క్రితం నేను చేసిన ఒక తప్పుతో ఈ టపా మొదలుపెడతాను.

అప్పుడు నేను పనిచేస్తున్న ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం మాస్టారు దీర్ఘకాలపు సెలవు పెట్టారు. తెలుగు పండితుడికి తీరిక ఎక్కువన్న నమ్మకం ప్రధానోపాధ్యాయులందరికీ ఉంటుంది గనుక ఆ తొమ్మిదో తరగతి పీరియడ్లు నా నెత్తిన పడ్డాయి. పాఠం ప్రథమ ప్రపంచ సంగ్రామం. పుస్తకంలో ఉన్నది రెండు పుటలు, నాకు కేటాయించినవి ఐదు పీరియడ్లు. బడి గ్రంథాలయపు బీరువాలో అట్టడుగున చెదలు కొట్టిన ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. ఆ యుద్ధం జరుగుతున్న రోజుల్లోనే లండనులో అచ్చయినది, నిండా బొమ్మలు. జర్మనులు తమ సైనికుల శవాలనే రైలుపెట్టెల్లో కర్మాగారానికి చేర్చి, మరిగించి, కొవ్వు తీసి, ఎముకలు పొడిచేసి పందులకు మేతగా వేశారని అందులో ఉంది. నేనా కథ ఆవేశంగా చెప్పాను. పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టి విన్నారు. చివరి బెంచీ నుంచి ఒక కుర్రవాడు లేచి, "మాస్టారండీ, అది ఎవరు చూశారండీ?" అన్నాడు.

"పుస్తకంలో ఉందిరా, కూర్చో" అన్నాను.

ఆ ప్రశ్నకు సమాధానం నాకు తెలియడానికి ఆ తరువాత చాలా ఏళ్ళు పట్టింది. ఈ వ్యాసం ఆ సమాధానమే.

యుద్ధంలో అబద్ధమాడడం కొత్త విద్య కాదు. ద్రోణపర్వం చదివిన వారికి వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆ ఘట్టంలో నేను ఎప్పుడూ పిల్లలకు చూపించే సూక్ష్మం ఒకటుంది. అశ్వత్థామ చచ్చాడని భీముడు ముందే గొంతెత్తి అరిచాడు. ద్రోణుడు పూర్తిగా నమ్మలేదు. ధర్మరాజును అడిగాడు. అబద్ధం ఎంత పెద్దదన్నది కాదు, ఏ నోట వచ్చిందన్నది ముఖ్యం. ఎన్నడూ అసత్యమాడని నోరు కావలసి వచ్చింది. అది కూడా పూర్తి అబద్ధం పలకలేదు, ఏనుగన్న మాటను మాత్రం గొణిగింది. 1914లో లండను ప్రభుత్వం చేసింది అచ్చంగా ఇదే.

ఆ సంవత్సరం ఆగస్టు 4న బ్రిటను జర్మనీపై యుద్ధం ప్రకటించింది. మరునాడు తెల్లవారేసరికే ఒక బ్రిటిషు ఓడ సముద్రగర్భంలోని జర్మను తంతితీగలను తెంచివేసింది. దానితో అమెరికాకు వెళ్ళే వార్తలలో అధికభాగం లండను గుండానే వెళ్ళవలసి వచ్చింది. సెప్టెంబరులో చార్లెస్ మాస్టర్‌మన్ అనే మంత్రి పేరుపొందిన రచయితలను పిలిపించి సమావేశం జరిపాడు. థామస్ హార్డీ, హెచ్.జి. వెల్స్, చెస్టర్టన్, షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కోనన్ డాయిల్ వంటివారు వచ్చారు. మాస్టర్‌మన్ కార్యాలయం ఉన్నది వెల్లింగ్టన్ హౌస్ అనే భవనంలో. బయటి బోర్డు ఆరోగ్యబీమా వారిది. లోపల జరిగేది ప్రచారం. పార్లమెంటు సభ్యులలో కూడా చాలామందికి ఈ సంగతి తెలియదు. పుస్తకాలు ప్రభుత్వం పేర రావు, పేరున్న ప్రచురణకర్తల పేరనే వస్తాయి, వెల కూడా ఉంటుంది. ఉచితంగా పంచితే జనం అనుమానిస్తారని వారికి తెలుసు. 1915 మధ్యకల్లా 17 భాషల్లో 25 లక్షల ప్రతులు పంపిణీ అయ్యాయంటారు.

అమెరికా బాధ్యత గిల్బర్ట్ పార్కర్ అనే నవలాకారుడిది. అమెరికాలోని ఆచార్యులు, వకీళ్ళు, మతాచార్యులు, పత్రికాధిపతులు మొదలైనవారి చిరునామాలు సేకరించి, ఒక్కొక్కరికి స్నేహితుడు రాసినట్టుగా మర్యాదపూర్వకమైన ఉత్తరం జతచేసి పుస్తకం పంపేవాడు. ఆ ఉత్తరం అందుకున్నవాడు తాను స్వతంత్రంగా ఆలోచిస్తున్నాననే అనుకుంటాడు. మేడెక్కి అరిచేవాణ్ణి గుర్తుపట్టవచ్చు గాని, పక్కన కూర్చుని నిదానంగా మాట్లాడేవాణ్ణి గుర్తుపట్టడం కష్టం.

ఇక ధర్మరాజు సంగతి. ఆయన పేరు జేమ్స్ బ్రైస్. అప్పటికి వయస్సు డెబ్బై ఏడు. చరిత్రకారుడు, న్యాయశాస్త్రవేత్త. అమెరికా రాజ్యవ్యవస్థపై ఆయన 1888లో ప్రచురించిన గ్రంథాన్ని అమెరికా వారే పాఠంగా చదువుకునేవారు. 1907 నుంచి 1913 వరకు వాషింగ్టనులో బ్రిటిషు రాయబారి. జర్మను విశ్వవిద్యాలయాలు సయితం గౌరవ పట్టాలిచ్చాయి. బెల్జియంలో జర్మను సైన్యం చేసిన అకృత్యాల విచారణకు ఏర్పడిన సంఘానికి ఆయనను అధ్యక్షుణ్ణి చేశారు. పన్నెండు వందలకు పైగా సాక్ష్యాలు పరిశీలించారు. వాటిలో ఏదీ ప్రమాణం చేయించి తీసుకున్నది కాదు. సాక్షుల పేర్లు అచ్చువేయలేదు. సంఘసభ్యులు ఆ సాక్షులను స్వయంగా ప్రశ్నించలేదు. నివేదిక 1915 మే 12న వెలువడింది. జర్మను జలాంతర్గామి లూసిటానియా ఓడను ముంచి సుమారు పన్నెండు వందలమందిని చంపినది అంతకు ఐదు రోజుల ముందు. చనిపోయినవారిలో 128 మంది అమెరికనులు. ఆ వేడిలో నివేదిక ముప్పై భాషల్లోకి వెళ్ళింది.

ఇక్కడ కాస్త నిలబడి చెప్పవలసిన మాట ఒకటున్నది. బెల్జియంలో అకృత్యాలు జరగలేదనుకుంటే పొరపాటు. జరిగాయి. 1914 ఆగస్టు 23న దినాన్ పట్టణంలో జర్మను సైనికులు ఆరువందలకు పైగా పౌరులను కాల్చి చంపారు. 25వ తేదీ రాత్రి లూవెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి నిప్పుపెట్టారు, లక్షల పుస్తకాలు బూడిదయ్యాయి. (పుస్తకాల మనిషిని గనుక ఈ వాక్యం రాస్తుంటే చెయ్యి బరువెక్కుతుంది.) బెల్జియం, ఫ్రాన్సులలో ఆ కొద్ది నెలల్లో చంపబడ్డ పౌరులు సుమారు 6,500 మంది అని హార్న్, క్రేమర్ అనే చరిత్రకారులు 2001లో లెక్క తేల్చారు. ఇంత నిజం చేతిలో ఉండగా అబద్ధం అవసరమేమిటి? అయినా నివేదికలో పసిపిల్లల చేతులు నరికిన కథలు, బల్లెంతో శిశువును పొడిచిన కథలు నిజం పక్కనే కూర్చున్నాయి. బియ్యంలో రాళ్ళు కలిపినట్టు. తరువాత రాయి పంటికి తగిలినవాడు కంచం మొత్తం తోసేశాడు.

ఇప్పుడు నా కర్మాగారం దగ్గరకు వస్తాను.

1917 ఏప్రిల్ 10న బెర్లినులోని ఒక దినపత్రికలో కార్ల్ రోస్నర్ అనే విలేఖరి చిన్న ముక్క రాశాడు. ఫ్రాన్సులో రైమ్స్‌కు ఉత్తరాన ప్రయాణిస్తుంటే సున్నం కాలుతున్నట్టు వాసన వచ్చిందనీ, అది సైన్యంవారి కర్మాగారమనీ, అక్కడ కొవ్వు నుంచి కందెన నూనెలు తీస్తారనీ, మిగిలినది పొడిచేసి పందుల మేతకూ ఎరువుకూ వాడతారనీ దాని సారాంశం. ఆ కర్మాగారానికి జర్మనులు పెట్టిన పేరు "కడావర్‌ఫెర్‌వెర్టుంగ్స్‌అన్‌ష్టాల్ట్". మన ప్రబంధకవుల సమాసాలు పొడుగని నవ్వేవారు ఒకసారి దీన్ని గుక్కతిప్పుకోకుండా పలికి చూడండి. సమాసం విడగొడితే "కడావర్‌లను వినియోగించే సంస్థ".

చిక్కంతా ఆ కడావర్ దగ్గరుంది. ఇంగ్లీషులో ఇదే అక్షరాలతో ఉన్న మాటకు మనిషి శవమని అర్థం. జర్మనులో వాడుక వేరు. మనిషి శవానికి వారికి "లైఖె" అనే మాట ఉంది. కడావర్ సాధారణంగా చచ్చిన జంతువుది. తెలుగువారికి ఇది ఒక్క క్షణంలో బోధపడుతుంది. సంస్కృతంలో కళేబరమంటే శరీరమే, మనిషిదైనా సరే. కాని మన వాడుకలో అది పశువులదైపోయింది. పెద్దమనిషి పోతే "భౌతికకాయం" అంటాం, మామూలుగా "శవం" అంటాం, కోపమొస్తే "పీనుగ" అంటాం. చెరువులో కళేబరం తేలిందంటే ఏ గేదో అనుకుంటాం. "కళేబరాల వినియోగ కేంద్రం" అన్న తెలుగు మాటను సంస్కృత నిఘంటువు మాత్రమే ఎరిగినవాడు అనువదిస్తే ఏమవుతుందో, అక్కడ అదే అయింది. ఆ యుద్ధంలో గుర్రాలు లక్షలకొద్దీ చచ్చాయి. వాటిని మరిగించారు. నూనె, కొవ్వు కరువైన దేశంలో అందులో వింతేమీ లేదు.

ఏప్రిల్ 17న లండను పత్రికలు, టైమ్స్‌తో సహా, ఆ ముక్కను మనిషి శవాలన్న అర్థంతో ప్రకటించాయి. దానికి తోడు, హాలండు నుంచి ఒక బెల్జియను పత్రిక ద్వారా వచ్చిన పెద్ద కథనమొకటి. శవాలను తీగలతో కట్టలు కట్టి రైళ్ళలో తెస్తున్నారని, కొక్కేలకు తగిలిస్తున్నారని సవివరంగా ఉంది. ఇది తెలియక చేసిన తప్పా, తెలిసి చేసినదా? అనువాదకుడికి జర్మను సరిగా రాదని ఒకసారి ఒప్పుకోవచ్చు. జర్మను తెలిసినవారు సవరించిన తరువాత కూడా ఆపలేదు చూశారూ, అక్కడ అది తప్పు కాకుండా పోయింది.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టినది ఆ ఏప్రిల్ 30న బ్రిటిషు పార్లమెంటులో జరిగిన సంభాషణ. జర్మనులు శవాలతో చేస్తున్న ఈ పని ఈజిప్టులో, భారతదేశంలో, తూర్పుదేశాలన్నిటిలో వీలైనంత విస్తారంగా తెలియజేస్తారా అని ఒక సభ్యుడు అడిగాడు. భారతదేశమని ప్రత్యేకించి ఎందుకన్నాడు? శవసంస్కారం మనకెంత పవిత్రమో వారికి తెలుసు గనుక. మన సైనికులు పది లక్షలకు పైగా ఆ యుద్ధంలో సముద్రాలు దాటారు గనుక. ప్రభుత్వం తరఫున లార్డ్ రాబర్ట్ సెసిల్ సమాధానమిచ్చాడు. పత్రికల్లో వచ్చినది తప్ప తమవద్ద వేరే సమాచారం లేదన్నాడు. అయితే జర్మను సైన్యం చేసిన ఇతర పనులు చూస్తే ఇందులో నమ్మశక్యం కానిది లేదన్నాడు. ఇప్పుడు ప్రత్యేకంగా ఏమీ చేయబోమనీ, మామూలు మార్గాల్లో వార్త సాగడానికి అనుమతించామనీ అన్నాడు. అబద్ధమాడాడని ఎవరైనా అనగలరా? ఒక్క మాటా అబద్ధం కాదు. ఏనుగన్న మాట గొణిగాడు, అంతే.

మామూలు మార్గాల్లో సాగిన ఆ వార్త ఎనభై ఏళ్ళు దాటి మా బడి బీరువా అడుగుకు చేరింది. అక్కడి నుంచి నా నోటికి.

1925లో, యుద్ధకాలంలో గూఢచారి విభాగాన్ని నడిపిన చార్టరిస్ అనే సేనాని న్యూయార్కులో విందు తరువాత ప్రసంగిస్తూ, రెండు ఫొటోల కింది పేర్లు మార్చి ఆ కథ పుట్టించినది తానేనని గొప్పలు చెప్పుకున్నాడని పత్రికలు రాశాయి. ఇంటికి చేరాక అలా అననే లేదన్నాడు. ఏది ఏమైనా గొడవ పార్లమెంటు దాకా వెళ్ళింది. డిసెంబరు 2న విదేశాంగమంత్రి ఆస్టెన్ చేంబర్లేన్ ఆ కథకు ఎన్నడూ ఆధారం లేదన్న జర్మను ప్రభుత్వపు ప్రకటనను తన ప్రభుత్వం అంగీకరిస్తున్నదని చెప్పాడు. ముందురోజే లొకార్నో ఒడంబడికపై లండనులో సంతకాలయ్యాయి. జర్మనీ ఇప్పుడు మిత్రుడు. ఎనిమిదేళ్ళపాటు తెలియని నిజం సంతకాల మరునాడే ఎలా తెలిసిందో!

తరువాత బ్రిటనులోనే ఆర్థర్ పాన్సన్బీ అనే పార్లమెంటు సభ్యుడు ఇలాంటి అబద్ధాలన్నీ ఏరి 1928లో పుస్తకం వేశాడు. జనం చదివారు. మోసపోయామనుకున్నారు. ఇకమీదట ఏదీ నమ్మకూడదనుకున్నారు.

మా నాయనమ్మ చెప్పేది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేశాక, భయం లేదని అధికారులు ఎంత చెప్పినా ఎవరూ వినలేదట. సర్కారు భయం లేదన్నదంటే ఇక బండి కట్టవలసిందే అని మా ముత్తాత అన్నాడట. నమ్మకం పోయిన ప్రభుత్వం నిజం చెప్పినా అంతే. కాని ఆ నమ్మకం పోవడానికి అసలు మూల్యం చెల్లించినది మనం కాదు.

1942, 43 సంవత్సరాల్లో పోలండు నుంచి వార్తలు లండను చేరాయి. యూదులను రైళ్ళలో తీసుకువెళ్ళి విషవాయువుతో చంపుతున్నారని. అప్పటికే ట్రెబ్లింకా వంటి చోట్ల లక్షలమంది చచ్చారు. 1943 ఆగస్టులో బ్రిటిషు గూఢచారి సమాచార సంఘానికి అధ్యక్షుడైన కావెండిష్ బెంటింక్ ఆ వార్తలపై తన అభిప్రాయం రాశాడు. అవి తనకు కిందటి యుద్ధంలో శవాల నుంచి కొవ్వు తీశారన్న కథను గుర్తుకుతెస్తున్నాయన్నాడు. ఆ నెల 30న బ్రిటను, అమెరికా కలిసి పోలండులోని దురాగతాలపై చేసిన ప్రకటనలో విషవాయువు గదుల ప్రస్తావన, తగిన సాక్ష్యం లేదన్న కారణంతో తీసేశారు.

రైళ్ళు. శవాలు. కర్మాగారం. 1917లో ఊహించి రాసినదంతా పాతికేళ్ళ తరువాత ఇంకో రూపంలో నిజంగా జరుగుతుంటే, ఆ ఊహే అడ్డు నిలిచింది. ఈసారి చూసినవారున్నారు. వచ్చి చెప్పారు కూడా.

నా చివరి బెంచీ కుర్రవాడు ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. నలభై దాటి ఉంటాడు. సాంఘికశాస్త్రం మాస్టారు సెలవు ముగించుకుని వచ్చేశారు, నేను మళ్ళీ నా ఛందస్సుకూ సంధులకూ వెళ్ళిపోయాను, ఆ పాఠం సవరించుకునే అవకాశం రాలేదు. ఏ ఊళ్ళోనో కూర్చుని ఇది చదువుతున్నట్టయితే, నాయనా, ఎవరూ చూడలేదు. నిన్ను కూర్చోమనకుండా ఉండవలసింది.