లేసు సూది: లెక్కకెక్కని పని

భివండి పేరు చెప్పగానే ఎవరికైనను మరమగ్గముల చప్పుడే జ్ఞప్తికి వచ్చును. భివండి రోడ్ స్టేషనులో దిగి పద్మనగర్, కామత్‌ఘర్ వైపు వచ్చువారికి ఆ చప్పుడే మన ఊరి గుర్తు. తెలంగాణపు జిల్లాలలో చేతిమగ్గములు విడిచి వచ్చిన మన పెద్దలు ఇచట మరమగ్గముల యొద్ద రేయింబవళ్ళు నిలువుకాళ్ళపై నిలిచి సంసారములను నిలబెట్టిరి. ఆ చరిత్ర మనమందరము ఎరిగినదే. మేమిపుడు చెప్పబూనినది మగ్గము చరిత్ర కాదు. ఇంటి గడప లోపల చప్పుడు లేక పనిచేసిన ఒక చిన్న సూది చరిత్ర.

గత వేసవి సెలవులలో మా మనుమరాలు ఎనిమిది చేతుల సముద్రజీవియగు ఆక్టోపస్ బొమ్మనొకదానిని సెల్‌ఫోనులో చూచి, "బాపమ్మా, నాకు గిట్లాంటిది అల్లియ్యవా?" అని మారాము చేసెను. మా గృహిణి పెట్టె అడుగున గుడ్డలో చుట్టియుంచిన ఉక్కు లేసు సూదిని వెలికి తీసెను. ఆ సన్నని సూదికి లావు నూలు పట్టదు కనుక అంగడి నుండి పెద్ద సూది తెప్పించితిమి. పిమ్మట ఆమె పనిని మేము ప్రక్కన కూర్చుండి మొదటిసారిగా శ్రద్ధతో చూచితిమి.

నూలు ఉంగరములో మొదట 6 అల్లికలు, రెండవ చుట్టులో 12, మూడవ దానిలో 18. ఇట్లు చుట్టునకు 6 చొప్పున పెరుగగా గుండ్రని బిళ్ళ ఏర్పడినది. పెంచుట మానగానే ఆ బిళ్ళ గిన్నెవలె వంగి తల ఆకారము దాల్చినది. చాలినంత లోతు వచ్చిన పిమ్మట అల్లికలను తగ్గించుచు, లోపల దూది కూరి, నోరు మూసెను. చేతుల కొరకు పొడవుగా గొలుసు అల్లి, దాని ఒక్కొక్క కన్నులో మూడేసి అల్లికలు పెట్టగా, చోటు చాలక ఆ పట్టీ తనంతట తానే మెలిదిరిగినది. చిన్నపిల్లలు నోట పెట్టుకొందురని గుండీలు కుట్టక నల్లదారముతోనే కన్నులు తీర్చెను. ఇన్నింటికి రెండు సాయంకాలములు పట్టినవి.

ఆ మెలిక వెనుక పెద్ద గణితమున్నదని పిమ్మట తెలిసికొంటిమి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున డైనా టైమిన అను గణితశాస్త్రజ్ఞురాలు 1997లో, విద్యార్థులకు కాగితముపై చూపుటకు కష్టమైన ఒక వంపుతలమును క్రోషా సూదితో అల్లి చేతికందించిరి. సముద్రములోని పగడపు దిబ్బల కుచ్చులు కూడ ఆ జాతి వంపులే. అది చూచి మార్గరెట్, క్రిస్టీన్ వర్తైమ్ అను అక్కచెల్లెండ్రు 2005లో లాస్ ఏంజెలెస్ నుండి నూలుతో పగడపు దిబ్బ నల్లు ఉద్యమమును ప్రారంభించిరి. 2013లో డెన్మార్కు దేశమున, నెలలు నిండక పుట్టిన శిశువుల ప్రక్కన నుంచుటకు స్త్రీలు ఇట్టి నూలు ఆక్టోపస్‌లను అల్లి ఆసుపత్రులకు ఇయ్యసాగిరి. బొడ్డుతాడును పోలిన ఆ మెలికల చేతులను పట్టుకొని శిశువు ఊరట చెందునని వారి నమ్మకము. వైద్యశాస్త్రము దీనిని నిర్ధారింపలేదు గాని, అల్లినవారి వాత్సల్యమును శంకింప బనిలేదు.

బొమ్మ పూర్తియైన నాడు మనుమరాలు, "తాతా, గిది సాంచల మీద నెయ్యరాదా?" అని అడిగెను. మగ్గమునకు పడుగు, పేక రెండును కావలెను. క్రోషాకు ఒక్క దారము, ఒక్క కొక్కెము చాలును. కాని ప్రతి కన్నును వెనుకటి కన్నులో గ్రుచ్చి లాగవలెను. ఎచట గ్రుచ్చవలెనో చేతికే తెలియును. క్రోషా యంత్రములను పేర అంచులు, పట్టీలు అల్లు యంత్రములు లేకపోలేదు. వాని పద్ధతి వేరు. చేతి క్రోషాను ఉన్నదున్నట్లు చేయు యంత్రము కర్మాగారములలో ఇంతవరకు వాడుకకు రాలేదు. కనుక ఈ పని ఎచట కనబడినను అది ఒక మనిషి చేతులు చేసినదే. ఇన్ని మగ్గముల నడుమ మా ఇంటిలో యంత్రమునకు లొంగని పనియొకటి జరుగుచుండెనని మాకు అపుడు తోచినది.

మా గృహిణికి ఈ విద్య నేర్పినది మా చాళీలో ప్రక్క గదిలో కాపురమున్న పాలకొల్లు ప్రాంతపు ఇల్లాలు. అది ఆమెకు పుట్టింటివారి విద్య. గోదావరి తీరమునందలి దుమ్ముగూడెములో 1844 ప్రాంతమున మెక్రే అను స్కాట్లండు మిషనరీ దంపతులు స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరని చెప్పుదురు. కాలక్రమమున నరసాపురము, పాలకొల్లు పరిసర గ్రామములు దానికి నిలయమైనవి. వాకిలి దాటి కూలికి పోవుట మర్యాద కాదని తలచు కుటుంబముల స్త్రీలకు అది ఇంట కూర్చుండి చేయదగిన పని. వర్తకుడు నూలు పంపును. ఒకరు పూవులు అల్లుదురు. మరియొకరు అతుకుపని చేసి వానిని బల్లగుడ్డలుగా, దుప్పట్లుగా కూర్తురు. సరకు ఓడలెక్కి విదేశములకు పోవును.

మరియా మీస్ అను జర్మను సమాజశాస్త్రవేత్త నరసాపురము వచ్చి పరిశీలించి 1982లో ఆ లేసు స్త్రీలపై గ్రంథము ప్రకటించిరి. అందలి ముఖ్యవిషయ మిది: ప్రపంచ విపణికి సరకు తయారుచేయుచున్న ఆ స్త్రీలను లోకము పనివారుగా గాక గృహిణులుగానే ఎంచినది, వారు రోజుకు గంటల తరబడి చేయు పనిని తీరిక వేళల కాలక్షేపమని పిలిచి కూలిని తగ్గించినది. 2024లో నరసాపురము క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. సరకునకు పేరు వచ్చినది; సంతోషము. అల్లిన చేతికి పేరు వచ్చుట ఇంకను మిగిలియున్నది.

ఇచట మా తప్పొకటి చెప్పుకొనక తప్పదు. మేము జీవితమంతయు మరమగ్గముల కార్యాలయమున గుమాస్తాగా పనిచేసితిమి. ఏ మగ్గముపై ఎన్ని మీటర్లు దిగెనో, ఎంత బట్ట చెడెనో, ఎవరికెంత కూలి రావలెనో పైసలతో సహా వ్రాసితిమి. 1980వ దశకములో మా గృహిణి ఒక వర్తకుని కొరకు లేసు అంచులు అల్లెడిది. మా జీతము ఆలస్యమైన నెలలలో పిల్లల పుస్తకములు ఆ డబ్బుతోనే కొంటిమి. చూపు మందగించువరకు, సుమారు ఇరువది యేండ్లు, ఆమె ఆ పని మానలేదు. అయినను ఆ పనిని మేము ఏ పుస్తకములోను వ్రాయలేదు. 2001 జనగణనకు వచ్చిన ఉద్యోగి, "ఆమె ఏమి పని చేయును?" అని అడిగినపుడు మేమే గుమ్మములో నిలిచి, "పనియేమి లేదు, ఇంటనే ఉండును" అని బదులిచ్చితిమి. ఆ సమయమున ఆమె మా వెనుకనే కూర్చుండి అల్లుచుండెను. తల ఎత్తలేదు.

ఆ మాటను ఆమె ఎన్నడును ఎత్తిచూపలేదు. కాని మనుమరాలి బొమ్మకు పట్టిన గంటలను వ్రేళ్ళపై లెక్కించుచున్నపుడు మాకు ఆ నాటి గుమ్మము కనబడినది. ఒక చిన్న బొమ్మకే రెండు సాయంకాలములైన, ఆ ఇరువది యేండ్ల అంచుల కెన్ని గంటలైయుండును? మీటర్ల లెక్కలో ఆరితేరిన మాకు ఈ లెక్క చేతకాలేదు.

మన ఇండ్లలో ఇట్టి పనులు ఇంకను జరుగుచునే యున్నవి. లేసు అల్లువారు, బీడీలు చుట్టువారు, చీరలకు కుచ్చులు వేయువారు మన తల్లులు, కోడండ్రు, కుమార్తెలే. సంఘ చరిత్ర వ్రాయునపుడు మగ్గముల ప్రక్కన ఆ చేతులను కూడ వ్రాయుదము. జనగణనవారు మరల తలుపు తట్టినపుడు మేము ఈ మారు ముందుగా బదులీయము. ఆమెనే గుమ్మములోనికి పిలిచి, తన పని తననే చెప్పుకొననిత్తుము.